ఒంటి మీద గడ్డ తగిలితే: తడిమిన రోజు నుంచి రిపోర్టు చేతికొచ్చేదాకా

గడ్డ తగిలినవాళ్ళు ఎక్కువగా రెండు తప్పులు చేస్తుంటారు. కొందరు రోజంతా నొక్కి నొక్కి చూసుకుంటారు. చివరికి అక్కడ వాచి నొప్పెడితే ‘పెరిగిపోయింది’ అని హడలిపోతారు. ఇంకొందరు ‘నొప్పి లేదు కదా’ అనుకుని నెలల తరబడి ఇంట్లో ఎవరికీ చెప్పరు. రెండోదే ప్రమాదం.

ఒంటి మీద వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. కానీ క్యాన్సర్ గడ్డ చాలావరకు మొదట్లో నొప్పి పెట్టదు. అందుకే నొప్పిని కొలబద్దగా పెట్టుకోవద్దు. ఒక్కసారి పద్ధతిగా చూసి, కొలిచి, తేదీ రాసుకుని, ఒక గడువు పెట్టుకోండి. గడువులోపు తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

1. ముందుగా, ఆగకూడనివి

కింది వాటిలో ఏదైనా ఉంటే మిగతాది చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్ళండి.

- గజ్జలోనో బొడ్డు దగ్గరో ఎప్పుడూ లోపలికి పోయే హెర్నియా (పొట్ట గోడ బలహీనపడిన చోట బయటికి వచ్చే ఉబ్బు) ఇప్పుడు పోవడం లేదు, గట్టిపడింది, నొప్పి, వాంతులు ఉన్నాయి. పేగు ఇరుక్కుని ఉండొచ్చు. బలవంతంగా లోపలికి నెట్టకండి.
- వృషణం ఉన్నట్టుండి వాచి, భరించలేని నొప్పి వచ్చింది. లోపల మెలిపడితే రక్తం అందదు. సుమారు 6 గంటల్లోపు ఆపరేషన్ జరిగితేనే దాన్ని కాపాడుకునే అవకాశం బాగా ఉంటుంది. మగపిల్లలు సిగ్గుపడి ‘కడుపునొప్పి’ అని మాత్రమే చెప్తారు. అడిగి చూడండి.
- మెడ, దవడ కింద వాపుతో పాటు మింగలేకపోవడం, నోరు తెరుచుకోకపోవడం, ఊపిరి ఆడకపోవడం.
- గడ్డ చుట్టూ ఎరుపు గంటగంటకూ పాకుతూ చలిజ్వరం వచ్చింది. షుగరు ఉన్నవాళ్ళు ఇలాంటప్పుడు ‘రేపు చూద్దాం’ అనుకోకూడదు.

2. అది నిజంగా గడ్డేనా?

కంగారుపడి వచ్చేవాళ్ళలో కొందరు తడిమింది తమ ఒంట్లో సహజంగానే ఉన్న భాగాన్నే. బరువు తగ్గినప్పుడు ఇవి కొత్తగా బయటపడినట్టు ఉంటాయి.

- ఛాతీ ఎముక కింది చివర, పొట్ట మొదలయ్యే చోట గట్టి మొన
- చెవి వెనక గట్టి ఎముక, తల వెనక నడిమధ్యలో బొడిపె
- తల వంచితే మెడ కింద పొడుచుకొచ్చే వెన్నుపూస
- దవడ కింద రెండువైపులా మెత్తటి ఉండలు. ఇవి లాలాజల గ్రంథులు.
- నాలుక మొదట్లో వరసగా ఉండే పెద్ద బొడిపెలు
- కొందరికి అంగిట్లో నడుమ ఉండే రాయిలాంటి ఎముక ఉబ్బు
- వృషణం వెనక అంటుకుని ఉండే మెత్తటి తాడులాంటి భాగం

చిట్కా ఒకటే. రెండోవైపు సరిగ్గా అదే చోట తడిమి చూడండి. రెండువైపులా ఒకేలా ఉంటే చాలావరకు అది సహజమే. ఒకవైపే ఉంటే కింది మెట్టుకు రండి. మధ్యలో ఉండేవాటికి జత ఉండదు కాబట్టి ఇంట్లో ఇంకొకరిది తడిమి పోల్చుకోండి.

3. ఒక్కసారి, పద్ధతిగా చూసుకోవడం

కావాల్సినవి: మంచి వెలుతురు, అద్దం, పిల్లల కంపాస్ బాక్సులో ఉండే స్కేలు, ఫోను.

1) చేతులు కడుక్కోండి. వేళ్ళ కొనలతో పొడవకండి. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళ మెత్తటి భాగంతో చిన్న గుండ్రాలు తిప్పుతూ తడమండి. చర్మం మీద కాస్త సబ్బునీరు ఉంటే లోపలిది బాగా తెలుస్తుంది.

2) అది చర్మంలోనే ఉందా, చర్మం కిందా, ఇంకా లోపల కండలోనా? చర్మాన్ని చిటికెతో పైకి లాగండి. గడ్డ కూడా దాంతో పాటు లేస్తే చర్మంలోనిదే. చర్మం విడిగా జారుతుంటే దాని కిందది. కండ బిగించినప్పుడు కదలిక తగ్గిపోయినా, కనబడకుండా పోయినా లోతుగా ఉందని అర్థం.

3) మెత్తగా ఉందా, రబ్బరులా ఉందా, రాయిలా ఉందా? వేలితో నెడితే జారుతోందా, అతుక్కుపోయి ఉందా?

4) పైన చర్మం ఎలా ఉంది? మధ్యలో చిన్న నల్లచుక్క కనిపిస్తే చాలావరకు అది చర్మపు తిత్తి, అంటే సిస్టు. చర్మం లోపలికి లాగినట్టు, నారింజ తొక్కలా గుంటలు పడినట్టు ఉంటే ఆలస్యం చేయకూడదు.

5) మెడ ముందువైపు గడ్డ అయితే ఒక గుక్క నీళ్ళు మింగుతూ అద్దంలో చూడండి. మింగినప్పుడు పైకి కదిలితే థైరాయిడ్‌ది కావచ్చు. గజ్జలో అయితే నిలబడి దగ్గండి. దగ్గినప్పుడు ఉబ్బి, పడుకుంటే తగ్గితే హెర్నియా కావచ్చు.

6) స్కేలు పెట్టి పొడవు, వెడల్పు కొలవండి. ‘నిమ్మకాయంత’, ‘రేగుపండంత’ అని చెప్తే డాక్టరుకు ఉపయోగం లేదు. ఏ నిమ్మకాయ? ఫోటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి. లేదంటే రూపాయి బిళ్ళ పెట్టండి, అది అడ్డంగా సుమారు 2 సెం.మీ. ఉంటుంది.

రొమ్ము చూసుకునే ఆడవాళ్ళకు: నెలసరి మొదలైన రోజు నుంచి 7 నుంచి 10 రోజుల మధ్య చూసుకోండి. నెలసరికి ముందు రొమ్ములు గరుగ్గా, బరువుగా ఉంటాయి. అప్పుడు తడిమితే అన్నీ గడ్డల్లాగే అనిపిస్తాయి. పడుకుని, ఆ వైపు చేతిని తల కింద పెట్టుకుని, మెడ కింద అడ్డంగా ఉండే మెడ ఎముక (కాలర్‌బోన్) నుంచి రొమ్ము కింది మడత వరకు, చంకతో సహా చూడండి. చంకను చాలామంది వదిలేస్తారు. నెలసరి ఆగిపోయినవాళ్ళు నెలలో ఒక తేదీ పెట్టుకోండి.

మగవాళ్ళకు రొమ్ము గడ్డ రాదనుకోవద్దు. అరుదే కానీ వస్తుంది. చనుమొన వెనక ఒకవైపే గట్టి గడ్డ ఉంటే చూపించుకోండి.

4. చీటీ రాయండి

ఒక కాగితం చాలు. ఇలా ఉండాలి:

‘మెడ ఎడమవైపు, చెవికి నాలుగు వేళ్ళ కింద. మొదట తగిలింది మార్చి 12. పొడవు 1.5, వెడల్పు 1 సెం.మీ. రబ్బరులా ఉంది, కదులుతోంది. నొప్పి లేదు. అంతకు పది రోజుల ముందు అదే వైపు దవడ పన్ను నొప్పి. షుగరు ఉంది. ఎకోస్ప్రిన్ వాడుతున్నాను. మందులు పడని ఎలర్జీ లేదు.’

దీనికి కింద ఇవి కూడా ఉన్నాయో లేవో టిక్కు పెట్టండి:

- సాయంత్రం పూట జ్వరం
- రాత్రి పక్క తడిసేంత చెమట
- కావాలని తగ్గకుండానే బరువు పడిపోవడం
- మూడు వారాలకు మించి గొంతు బొంగురు
- చనుమొన నుంచి రక్తం, లేదా చనుమొన కొత్తగా లోపలికి పోవడం
- ఇంట్లో టీబీ వచ్చినవాళ్ళు, రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చిన దగ్గరి బంధువులు
- గుట్కా, జర్దా, ఖైనీ, బీడీ, సిగరెట్. ఇక్కడ అబద్ధం రాస్తే నష్టం మీకే.

5. ఎన్నాళ్ళు ఆగొచ్చు

అసలు కీలకం ఇక్కడే ఉంది. అన్ని గడ్డలకూ ఒకే గడువు పనికిరాదు.

*మెడ, చంక, గజ్జల్లో బిళ్ళలు.* జలుబు, పన్ను పుచ్చు, తలలో పుండ్లు, పేలు, కాలికి గాయం లాంటివి ఉంటే ఆ దారిలోని లింఫు గ్రంథులు, అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే చిన్న గ్రంథులు ఉబ్బుతాయి. గజ్జల్లో బిళ్ళ కడితే ముందు అరికాలు, వేళ్ళ సందులు చూడండి. కారణం తెలిసి, బిళ్ళ చిన్నగా ఉంటే 2 నుంచి 3 వారాలు చూడొచ్చు. కారణం లేకుండా 1 సెం.మీ. దాటినా, మూడు వారాలకు తగ్గకపోయినా, ఒకదానికొకటి అంటుకుని గుత్తిలా అయినా వెళ్ళాలి. మెడ ఎముకకు పైన ఉన్న గుంటలో తగిలే బిళ్ళకు మాత్రం గడువు లేదు. ఎంత చిన్నదైనా ఆ వారమే చూపించాలి. ఛాతీలోనో పొట్టలోనో ఉన్న జబ్బు అక్కడ బయటపడొచ్చు.

టీకా వేయించుకున్న చేతివైపు చంకలో బిళ్ళ కొన్నాళ్ళు ఉండొచ్చు. పసిపిల్లలకు బీసీజీ ఎడమ చేతికి వేస్తారు. ఆ వైపు చంకలో చిన్న బిళ్ళ కనిపిస్తే హడలిపోవద్దు, పిల్లల డాక్టరుకు చూపించండి. చీము పట్టినట్టుంటే మాత్రం ఆగొద్దు.

*కంఠమాల.* మెడలో నొప్పి లేని బిళ్ళలు ఒకదానితో ఒకటి అతుక్కుని, తర్వాత మెత్తబడి, వేడి లేకుండానే చీము పట్టడం లింఫు గ్రంథుల టీబీలో కనిపించే తీరు. ‘దగ్గు లేదు కదా, టీబీ ఎలా అవుతుంది’ అని చాలామంది అడుగుతారు. ఊపిరితిత్తులు బాగానే ఉండి మెడకు మాత్రమే టీబీ వచ్చేవాళ్ళు మన దగ్గర తక్కువేం కాదు.

*రొమ్ము.* 30 ఏళ్ళు దాటినవాళ్ళు కొత్త గడ్డ తగిలితే వారంలోపే వెళ్ళాలి. అంతకంటే చిన్నవాళ్ళలో జారిపోతూ తిరిగే గుండ్రటి గడ్డ చాలాసార్లు ఫైబ్రోఎడినోమా, అంటే క్యాన్సర్ కాని గడ్డ అవుతుంది. ఒక్క నెలసరి అయ్యేదాకా చూసి, అప్పటికీ ఉంటే వెళ్ళండి. పాలిచ్చే తల్లులకు పాలు గడ్డకట్టడం మామూలే. పాలు పట్టినా, పిండినా రెండు వారాల్లో పోకపోతే ‘పాల గడ్డే’ అని సరిపెట్టుకోకండి.

*థైరాయిడ్.* రెండు మూడు వారాల్లో చూపించుకుంటే చాలు. గొంతు మారినా, గడ్డ త్వరగా పెరుగుతున్నా ముందే వెళ్ళాలి.

*వృషణం.* నొప్పి లేని గట్టి గడ్డ అయినా ఆ వారమే వెళ్ళాలి. 20, 30 ఏళ్ళ కుర్రాళ్ళలో వచ్చే క్యాన్సర్ ఇది. త్వరగా పట్టుకుంటే బాగా నయమవుతుంది. సిగ్గు వల్లే ఆలస్యమవుతుంది.

*నోరు.* గడ్డ గానీ, మానని పుండు గానీ, తెల్లటి, ఎర్రటి మచ్చ గానీ మూడు వారాలు దాటితే పరీక్ష తప్పనిసరి. గుట్కా అలవాటున్నవాళ్ళు రెండు వారాలే ఆగాలి.

*చర్మం కింద మెత్తటి గడ్డలు.* వేలికి జారిపోయే మెత్తటి కొవ్వు గడ్డలకు తొందరేం లేదు. ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. అయితే 5 సెం.మీ. దాటినా, నెలనెలా పెరుగుతున్నా, లోతుగా కండలో ఉన్నా, ఒకసారి తీశాక మళ్ళీ వచ్చినా అది కొవ్వు గడ్డేనని చూపుతో తేల్చకూడదు. ముందు ఎమ్మారై, తర్వాత ముక్క పరీక్ష, ఆ తర్వాతే ఆపరేషన్. ఈ వరస తప్పి, చిన్న నర్సింగ్ హోములో ‘కొవ్వే’ అని కోసేశాక సార్కోమా (కండ, కొవ్వు లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్) అని తేలితే రెండో ఆపరేషన్ చాలా పెద్దదవుతుంది.

*మణికట్టు మీద గుండ్రటి గట్టి బుడిపె.* చాలావరకు గాంగ్లియాన్, అంటే కీలు దగ్గర వచ్చే, క్యాన్సర్ కాని తిత్తి. వీలున్నప్పుడు చూపించుకోండి. పుస్తకంతో కొట్టి పగలగొట్టకండి.

6. ఆగే రోజుల్లో చేయకూడనివి, చేయాల్సినవి

- *పిండొద్దు.* సిస్టును పిండితే లోపలి పదార్థం చుట్టూ చిట్లి, చీము పట్టి, తర్వాత తీయడం కష్టమవుతుంది. గోడ మిగిలిపోతే మళ్ళీ వస్తుంది.
- *జీడి పెట్టించొద్దు.* నల్లజీడి రసం చర్మాన్ని కాల్చేస్తుంది. ఆ బొబ్బల మచ్చ కింద గడ్డ అలాగే ఉంటుంది. సున్నం, పసుపు పట్టీలు కూడా అంతే. పైగా చర్మం ఎర్రబడి డాక్టరును తప్పుదారి పట్టిస్తుంది.
- *ఆముదంతో మర్దన, వేడి కాపడం వద్దు.* అసలు ఏ గడ్డో తెలియకుండా దేన్నీ పిసకకూడదు.
- *మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేసుకోవద్దు.* రెండు రకాలు మరీ ఇబ్బంది. లెవోఫ్లాక్సాసిన్ లాంటివి టీబీని కొన్నాళ్ళు అణిచి పరీక్షలో దొరక్కుండా చేస్తాయి. స్టెరాయిడ్లు లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) గడ్డను తాత్కాలికంగా కరిగిస్తాయి. గడ్డ తగ్గిందని సంబరపడతారు, ముక్క తీసినా జబ్బు పేరు తేలదు.
- *వారానికి ఒక్కసారే కొలవాలి.* ఆదివారం స్నానం తర్వాత అని పెట్టుకోండి. మిగతా రోజుల్లో చేయి అటు పోతే చీటీలో రాసిన డాక్టరు తేదీ చూసుకోండి. ఫోనులో ఫోటోలు వెతుకుతూ కూర్చోవడం కూడా నొక్కి చూసుకోవడం లాంటిదే.
- *ఒక్కరికైనా చెప్పండి.* ఆస్పత్రికి తోడు వచ్చేవాళ్ళెవరో ముందే తేలుతుంది. ఇంట్లో ఆడవాళ్ళు ‘పెళ్ళి అయ్యాక’, ‘పండగ అయ్యాక’ అని వాయిదా వేస్తుంటే తేదీ మీరే తీసుకోండి.

నిద్ర, తిండి మానేసేంత భయం రెండు వారాలు దాటితే ఆ మాట కూడా డాక్టరుకు చెప్పండి. పరీక్షలన్నీ బాగున్నా భయం పోనివాళ్ళకు మానసిక వైద్యుల సాయం బాగా పనిచేస్తుంది.

7. హైదరాబాద్‌లో ఎక్కడికి

నేరుగా క్యాన్సర్ ఆస్పత్రికి పరిగెత్తాల్సిన పని చాలామందికి లేదు. మొదటి చూపుకు మీ వార్డులోని బస్తీ దవాఖానా చాలు. డాక్టరు రాస్తే రక్తపరీక్షల నమూనా అక్కడే తీసుకుని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబుకు పంపుతారు, డబ్బు కట్టక్కర్లేదు.

తర్వాత ఎవరికి చూపించాలంటే:

- చాలా గడ్డలకు, రొమ్ముకు కూడా: జనరల్ సర్జన్. రొమ్ము అంటే గైనకాలజిస్టు దగ్గరికే వెళ్ళాలనుకుంటారు, కానీ ఇది సర్జన్ పని. ఆడ డాక్టరు కావాలని ఓపీలో అడగొచ్చు.
- మెడ, నోరు, గొంతు: ఈఎన్‌టీ. కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది.
- పిల్లలు: రెడ్‌హిల్స్‌లో నీలోఫర్.
- జనరల్ సర్జరీ ఓపీ: అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా, సికింద్రాబాద్ వైపు గాంధీ (మెట్రో స్టేషన్ ఆస్పత్రి పేరుతోనే ఉంది), పంజాగుట్టలో నిమ్స్.
- క్యాన్సర్ అని తేలినా, గట్టి అనుమానం ఉన్నా: రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి. దగ్గరి మెట్రో లక్డీకాపూల్.
- ఈఎస్‌ఐ కార్డు ఉంటే సనత్‌నగర్.

ప్రభుత్వ ఆస్పత్రికి పొద్దున్నే వెళ్ళండి. ఓపీ చీటీ తీసుకునే వరస దగ్గరే గంట పోతుంది. ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు, మీ చీటీ ఒకే ఫైలులో పెట్టుకోండి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షలకు పెంచారు. ఏది వర్తిస్తుందో ఆస్పత్రిలో ఈ పథకం సాయానికి ఉండే ఉద్యోగిని, అంటే ఆరోగ్యమిత్రను అడగండి. ప్రైవేటులో అడ్మిషన్ కాగితం మీద సంతకం పెట్టే ముందే అడగాలి, బిల్లు వచ్చాక కాదు.

8. పరీక్షలు ఏ వరసలో

*చేతి పరీక్ష.* గడ్డ ఉన్న చోటే కాదు, దాని దారిలోని లింఫు గ్రంథులు కూడా చూడాలి. చీర మీద, చొక్కా మీద నుంచి చూసి మందు రాసేస్తే ‘ఒకసారి చేత్తో చూడండి డాక్టరుగారూ’ అని అడగండి. తప్పేం లేదు.

*అల్ట్రాసౌండ్.* గట్టిదా, నీటి తిత్తా అన్నది చెప్తుంది. రొమ్ముకు 40 దాటినవాళ్ళకు మామోగ్రామ్ కూడా ఉండాలి. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది కాబట్టి ముందు అల్ట్రాసౌండే.

*సూది పరీక్ష, అంటే ఎఫ్ఎన్ఏసీ.* రక్తం తీసే సూది అంత సన్నటి సూదే. చాలాసార్లు మత్తు కూడా అక్కర్లేదు, నిమిషాల పని. టీబీ అనుమానం ఉంటే ముందే చెప్పండి. తీసినదాంట్లో కొంత టీబీ క్రిమిని గుర్తించే సీబీనాట్ పరీక్షకు వెళ్ళాలి. ఆ భాగాన్ని ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) వేయకూడదు, సెలైన్‌లో పంపాలి. ఫార్మలిన్‌లో పడితే టీబీ క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకు అది పనికిరాదు. ఈ పొరపాటు వల్లే రెండోసారి సూది పడుతుంది.

*ముక్క పరీక్ష, అంటే బయాప్సీ.* రొమ్ముకు లావు సూదితో, మత్తు ఇచ్చి సన్నటి ముక్కలు తీస్తారు. లింఫోమా అనుమానం ఉంటే సూది చాలదు, గ్రంథి మొత్తం తీసి చూడాలి. వృషణానికి సంచి మీద నుంచి సూది పెట్టనే కూడదు. అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ రక్తపరీక్షలు ముందు చేస్తారు.

‘సూది తగిలితే క్యాన్సర్ పాకుతుంది’ అనే మాట వినని ఇల్లు ఉండదు. సరైన పద్ధతిలో తీసిన ముక్క వల్ల జబ్బు ముదరదు. పరీక్ష మానుకున్న నెలల్లో ముదురుతుంది. రక్తం పలచబడే మాత్రలు (ఎకోస్ప్రిన్ లాంటివి) వాడుతుంటే సూదికి ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.

*సీసా మీ చేతికిస్తే.* గడ్డ తీశాక ల్యాబులో ఇచ్చి రమ్మని సీసా ఇంటివాళ్ళ చేతికివ్వడం మామూలే. అప్పుడు చూడాల్సినవి:

- సీసా మీద పేరు, వయసు, కుడి లేదా ఎడమ, తేదీ
- ముక్క పూర్తిగా మునిగేలా ఫార్మలిన్. ముక్క పరిమాణానికి సుమారు పది రెట్లు ఉండాలి.
- మూత బిగుతు. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఆ రోజే ఇచ్చేయాలి.
- ల్యాబు రసీదు ఫోటో

కొవ్వు గడ్డే అన్నా సరే, తీసిన ప్రతి గడ్డనూ పరీక్షకు పంపమని అడగండి. ‘అవసరం లేదులే’ అని పారేస్తే తర్వాత తెలుసుకునే దారి ఉండదు.

9. రిపోర్టు వచ్చాక

‘నమూనా చాలదు’ అని ఉంటే క్యాన్సర్ లేదని కాదు, పరీక్ష మళ్ళీ చేయాలని. రొమ్ము స్కాను రిపోర్టులో అనుమానం ఎంతో చెప్పే బైరాడ్స్ అంకె చూడండి. 1, 2 అయితే భయం లేదు. 3 అయితే సాధారణంగా ఆరు నెలలకు మళ్ళీ చూస్తారు, తేదీ అప్పుడే రాసుకోండి. 4, 5 అయితే ముక్క పరీక్ష. 0 అంటే ఇంకో పరీక్ష కావాలని మాత్రమే.

చేతికి గట్టిగా తగులుతున్నా స్కానింగులో ఏమీ లేదంటే, సూది పరీక్ష బాగుందన్నా గడ్డ పెరుగుతుంటే, అక్కడితో ఆపొద్దు. చేతి పరీక్ష, స్కాను, ముక్క, మూడూ ఒకే మాట చెప్పాలి. ఒకటి తేడాగా ఉంటే దాన్ని తేల్చాలి.

టీబీ అని తేలితే మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. లింఫు గ్రంథులకు మామూలుగా ఆరు నెలలు. వైద్యం సాగుతున్నన్నాళ్ళూ పోషణకు నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు, అడిగి పేరు నమోదు చేయించుకోండి. మందులు మొదలుపెట్టాక బిళ్ళలు కొన్నాళ్ళు ఇంకా ఉబ్బొచ్చు. మందు పనిచేయడం లేదని ఆపేయకండి, డాక్టరుకు చూపించండి. మూత్రం నారింజ రంగులో రావడం రిఫాంపిసిన్ వల్లే.

క్యాన్సర్ అని వస్తే రిపోర్టు కాగితంతో పాటు స్లైడ్లు, ముక్కను పొదిగి ఉంచిన మైనపు బ్లాకులు కూడా ల్యాబు నుంచి అడిగి తీసుకోండి. ఇంకో ఆస్పత్రిలో రెండో అభిప్రాయం అడిగితే వాళ్ళు ముందు అడిగేవి ఇవే. బ్లాకులను ఎండ తగలని చోట, చల్లగా ఉండే బీరువాలో ఉంచండి. ఏప్రిల్, మే నెలల్లో పార్క్ చేసిన కారులో వదిలేస్తే మైనం కరుగుతుంది.